దొంగ టిక్కులు

డిపోలో ఆమెను అందరూ టార్చక్క అనేవారు. బస్సును పైన నిలబెట్టి, కింద మనిషి దిగి చూడటానికి సిమెంటుతో కట్టిన గొయ్యి ఒకటి ఉండేదక్కడ. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గొయ్యే ఆమె ఆఫీసు. కుడిచేతిలో టార్చి, ఎడమచేతిలో చిన్న సుత్తి, చెవి వెనక పెన్సిలు. చెడిపోయిన బస్సును బాగుచేయడం ఆమె పని కాదు. బాగానే తిరుగుతున్న బస్సులో రేపో మాపో చెడబోయేదాన్ని ఇవాళే పట్టుకోవడం ఆమె పని. అలాంటి పని చేసేవాళ్లకు ఎవరూ దండలు వేయరు. దారిలో ఆగిపోయిన బస్సు గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది గానీ, ఆగిపోకుండా ఇల్లు చేర్చిన బస్సు గురించి ఎవరు మాట్లాడతారు? ఆ సంగతి ఆమెకు మొదటి ఏడాదే తెలిసిపోయింది. అప్పటినుంచి మెచ్చుకోలు కోసం చూడటం మానేసింది. కోప్పడటం మాత్రం మానలేదు.

రిటైరయ్యాక ఆమెకు మిగిలిన బండి ఒకటే. తండ్రి పోతూ అక్కకూ తమ్ముడికీ ఉమ్మడిగా వదిలిన పాత క్యాంపర్ వ్యాను. వయసు ఇరవై ఆరేళ్లు. లోపల మడతమంచం, రెండు మంటల గ్యాసుపొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, పైకప్పుకు ఒక చిన్న కిటికీ. ఇంట్లో అందరూ దాన్ని ఇల్లుబండి అంటారు. తమ్ముడి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు తమ్ముడు పెళ్లాన్నీ పిల్లనూ ఎక్కించుకుని కొండలవైపో, సముద్రంవైపో వెళ్లొస్తాడు.

దాని ఆలనాపాలనా మొదట్లో అంతా టార్చక్కదే. మూడేళ్ల కిందట ఆమె మోకాలికి ఆపరేషనయింది. బండి కింద దూరడం కుదరదన్నారు డాక్టర్లు. అప్పుడు తమ్ముడు ముందుకొచ్చాడు. వాడికి నలభై ఏడేళ్లు. బీమా ఆఫీసులో ఉద్యోగం. ఊళ్లో వాళ్లకు రేపటి మీద భయం పెట్టి పాలసీలు కట్టించడంలో దిట్ట. ఇంట్లో మాత్రం ఇంకా చిన్నోడే.

"నేను చూసుకుంటాలే అక్కా. ఏ నెలలో ఏం చేయాలో నువ్వు రాసివ్వు, నేను చేసి టిక్కు పెడతా," అన్నాడు.

ఆమె రెండు రోజులు కూర్చుని ఒక నోటుపుస్తకం నిండా రాసిచ్చింది. ఇంజినాయిలు, ఫిల్టరు ఏటేటా. బ్రేకాయిలు రెండేళ్లకోసారి పూర్తిగా. రబ్బరు గొట్టాలన్నీ ప్రతి ప్రయాణానికి ముందు చేత్తో నలిపి చూడాలి. గ్యాసు గొట్టం మీద అచ్చేసిన తేదీ దాటితే మార్చెయ్యాలి. కప్పు కిటికీ చుట్టూ నీళ్లు కారకుండా పూసిన మైనం ఎక్కడైనా విచ్చుకుందేమో వానలకు ముందే చూడాలి. ఒక్కో పని పక్కన ఒక గడి. చిన్నోడు అడిగినప్పుడల్లా పుస్తకం తెచ్చి చూపించేవాడు. అన్ని గడుల్లోనూ నీలిరంగు టిక్కులు, ముచ్చటగా, ఒకే వరుసలో.

ఆ బుధవారం ఆమె తమ్ముడింటికి వెళ్లింది తనిఖీకి కాదు. శనివారం వాళ్లు కొండలకు బయలుదేరుతున్నారు, మేనకోడలికి ఒక ఉన్ని శాలువా ఇచ్చి రావాలని. మోకాలు ఈమధ్య బాగానే వంగుతోంది. తమ్ముడు ఆఫీసునుంచి ఇంకా రాలేదు. మరదలు టీ పెడుతోంది. ఊరికే కూర్చోలేక షెడ్డులోకి నడిచింది. అలవాటు కొద్దీ ఇంజిను మీది మూత ఎత్తి బ్రేకాయిలు డబ్బా మూత తిప్పింది.

తేనెరంగులో ఉండాల్సిన నూనె నల్లటి కషాయంలా ఉంది.

ఆమె సంచిలోంచి టార్చి తీసింది. గోనెపట్టా పరిచి, మోకాలు నొప్పెడుతున్నా పక్కకు వాలి, బండి కిందికి చూపు సారించింది. నాలుగు చక్రాల దగ్గరా బ్రేకాయిలు వదలడానికి ఒక్కో చిన్న మర ఉంటుంది. మూడేళ్ల కిందట తాను చివరిసారి బిగించినప్పుడు ఆ మర మీదినుంచి పక్క ఇనుము మీదికి పసుపు పెయింటుతో సన్నటి గీత గీసింది. మర ఒక్క వీసమెత్తు తిరిగినా ఆ గీత తెగిపోవాలి. నాలుగు చోట్లా గీత చెక్కుచెదరలేదు.

ఇంజిను దగ్గరికి జరిగింది. ఆయిలు ఫిల్టరు మీద మార్కరుతో రాసిన తేదీ కనిపించింది. మూడేళ్ల కిందటిది. రాత తనదే.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు కొత్త కాదు. ఈ మంట మాత్రం ఆగి ఆగి ఎక్కింది. ముందు ఎడమ చక్రం వెనక రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచింది. పైపొర మీద గోరంత పగుళ్లు. ఇంకొంచెం వంచితే పగుళ్ల లోపల గొట్టం అల్లిక దారాలు కనిపించాయి. పొయ్యి కింది గ్యాసు గొట్టం మీద తేదీ చూసింది. దాటి రెండున్నరేళ్లు. కప్పు కిటికీ పక్కన చెక్కను బొటనవేలితో నొక్కింది. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"వదినా, టీ చల్లారిపోతోంది," అంటూ వచ్చిన మరదలు ఆమె ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ నోటుపుస్తకం పట్రా," అంది టార్చక్క.

చిన్నోడు వచ్చేసరికి ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం. పక్కన జాకీ మీద లేపిన చక్రం.

"అదేంటక్కా, ఎందుకు లేపావు? ఎల్లుండి కాక అవతలెల్లుండి బయల్దేరుతున్నాం."

"బ్రేకాయిలు ఎప్పుడు మార్చావురా?"

"మొన్ననే. పుస్తకంలో ఉంది చూడు."

"ఎక్కడ మార్పించావు?"

"నేనే మార్చాను."

"నువ్వే. మర ఎక్కడుంటుందో చూపించు."

చిన్నోడు నీళ్లు నమిలాడు. చక్రం వెనక్కి ఒకసారి, అక్క ముఖంలోకి ఒకసారి చూశాడు. చివరికి ఏదో ఒకటి చూపించాడు. అది చక్రం వేగాన్ని చదివే తీగను బిగించిన బోల్టు.

"పసుపు గీత కనిపిస్తోందా? అది నేను గీసింది. మూడేళ్లయింది. ఫిల్టరు మీద తేదీ కూడా నాదే. ఈ పుస్తకంలో నీ టిక్కులు నలభై ఒకటి. కూర్చుని లెక్కపెట్టాను."

దొరికిపోయినవాడికి వచ్చే కోపం ఒకటుంటుంది. తప్పు చూపించినవాళ్ల మీదికే తిరుగుతుంది. చిన్నోడికి అదే వచ్చింది.

"ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందక్కా ఈ బండి? రెండు ట్రిప్పులు. తిరగని బండిలో ఏం పాడవుతుంది? మూడేళ్లలో ఒక్కసారైనా ఆగిందా?"

"తిరగని బండే ముందు పాడవుతుందిరా. రబ్బరుకు కిలోమీటర్లు తెలియవు, ఏళ్లే తెలుసు. బ్రేకాయిలు మూతపెట్టి ఉన్నా గాల్లో తడి పీల్చుకుంటుంది. దిగుడులో బ్రేకు మీద కాలు ఆన్చి అరగంట దిగితే కాగి ఆవిరి కడుతుంది. అప్పుడు నొక్కితే కాలు నేలదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు. నువ్వు వెళ్లేది ఎక్కడికి? కొండలకి."

"అబ్బబ్బ. ఎక్కడికి బయల్దేరినా ఇదే గోల. ఏది పగులుతుంది, ఏది ఊడుతుంది. మేం నాలుగు రోజులు హాయిగా ఉంటే నీకు పడదు. నిజం చెప్పు."

ఆ మాట సూదిలా దిగింది. పెళ్లి మాట ఎత్తని మనిషి ఆమె. తమ్ముడి కూతురికి నడక నేర్పింది ఈ షెడ్డులోనే. ఆమె గొట్టం వైపు చూపించి, "బండెక్కి బ్రేకు తొక్కు. నీ బలమంతా పెట్టి తొక్కు," అంది.

చిన్నోడు ఎక్కాడు. ఇంజిను స్టార్టు చేసి బలంకొద్దీ తొక్కాడు. ఒకటి, రెండు, పది. అప్పటికి మేనకోడలు కూడా వచ్చి తల్లి పక్కన నిలబడింది. తొక్కినప్పుడల్లా ముసలి గొట్టం మీద ఒకచోట బొబ్బలా ఉబ్బుతోంది, కాలు తీయగానే సర్దుకుంటోంది. పగల్లేదు. చుక్క కూడా కారలేదు.

చిన్నోడు దిగి చేతులు దులుపుకున్నాడు. "చూశావా? రాయిలా ఉంది. రేపు ఒకసారి మెయిన్‌రోడ్డు మెకానిక్కుకు చూపిస్తాలే, నీ తృప్తి కోసం."

ఆ మెకానిక్కు ఏమంటాడో ఆమెకు తెలుసు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, నడిపెయ్యండి సార్ అంటాడు. డిపోలో అలాంటివాళ్లను చాలామందిని చూసింది. ఆమె సంచిలోంచి కత్తి తీసింది. వంగి, ఆ గొట్టాన్ని ఎడమచేత్తో లాగిపట్టి, ఒక్క కోతతో రెండు ముక్కలు చేసింది. నల్లటి నూనె ఆమె చీర కుచ్చిళ్ల మీదా సిమెంటు మీదా బొట్లు బొట్లుగా పడింది.

"ఇప్పుడు చూపించు మెకానిక్కుకు," అంది.

తెగిన ముక్కను ఆమె వెలుతురుకు పెట్టి చూసింది. లోపలి రబ్బరు ఉబ్బి, అగ్గిపుల్ల పట్టాల్సిన దారి సూది పట్టేంత అయింది. దాన్ని తమ్ముడి చేతిలో పెట్టబోయింది. వాడు తీసుకోలేదు.

"నీకు పిచ్చి పట్టింది," అన్నాడు మెల్లగా. "నా బండిని కోశావు."

"సగం నాది. నా సగమే కోశాను."

వాడు చరచరా ఇంట్లోకి వెళ్లిపోయాడు. తలుపు పడిన చప్పుడుకు రేకులు అదిరాయి.

మర్నాడు పొద్దున్నే టార్చక్క కొత్త గొట్టాలు, బ్రేకాయిలు, ఫిల్టర్లు పట్టుకుని వచ్చింది. తమ్ముడు ముఖం మాడ్చుకుని ఆమె ముందునుంచే ఆఫీసుకు వెళ్లిపోయాడు. పలకరింపు లేదు. ఆమె కూడా పలకరించలేదు. పట్టా పరిచి పనిలోకి దిగింది. తుప్పుపట్టిన మరను పాన పెట్టి తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ లోపల్లోపల ఒక తిట్టు తిట్టింది. మర వదిలేసరికి తెలిసిన తిట్లన్నీ అయిపోయాయి.

పదిగంటలప్పుడు మరదలు వచ్చి కింద కూర్చుంది. చేతిలో ఏ కప్పూ లేదు.

"వదినా, ఒక మాట చెప్పాలి. ఆయన ఆ టిక్కులు పెడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. భోజనాల బల్ల దగ్గర. ఒక ఏడాదివన్నీ మూడు నిమిషాల్లో పెట్టేశారు. రెండు పెన్నులు మార్చి పెట్టండి, లేకపోతే వదిన కనిపెట్టేస్తారని నేనే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం."

టార్చక్క చేతిలో పాన ఆగిపోయింది. ఇంతవరకు తమ్ముడి ఒక్కడి మీదే ఉన్న కోపం ఇప్పుడు ఇద్దరి మీదికీ మళ్లింది.

"నవ్వుకున్నారు," అంది. "పిల్లను వెనకసీట్లో కూర్చోబెట్టుకుని కొండ దిగుతూ కూడా నవ్వుకున్నారా?"

మరదలు తల వంచుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే టార్చక్క లేచి వెళ్లిపోయేదే.

"టిక్కు గురించి నీకు ఒకటి చెబుతా విను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు." ఆమె పాన పక్కన పెట్టింది. "తొమ్మిదేళ్లయింది. చెరువు రూటు బస్సు. ముందు ఎడమ గొట్టం ఇలాగే ఉంది. బండి ఆపాలి అని రాశాను. మా సూపర్‌వైజరు కొత్త గొట్టం లేదు, ఇవాల్టికి పోనీ అన్నాడు. నేను సంతకం పెట్టనన్నాను. పొద్దున్నే వచ్చి చూస్తే నా కాగితం మీద మార్చాం అని ఎవరో టిక్కు పెట్టారు. బస్సు అప్పటికే రోడ్డెక్కింది. మలుపులో కాలవలో పడింది. ఒక ముసలి మాస్టారు పోయాడు. డ్రైవరు కాలు నుజ్జయింది."

"విచారణ జరగలేదా?"

"జరిగింది. ఈ టిక్కు నీదేనా అని అడిగారు. కాదన్నాను. ఎవరిదో వాళ్లు అడగలేదు. నాకు తెలుసు. మా సూపర్‌వైజరు టిక్కు తోకను ఎప్పుడూ కిందికి వంచుతాడు. నేను చెప్పలేదు. నాకు అప్పటికి ఇంకా అయిదేళ్ల సర్వీసు ఉంది. డ్రైవరు వేగంగా నడిపాడని రాసి ఫైలు మూసేశారు."

డబ్బాలోకి పాత నూనె బొట్టుబొట్టుగా పడుతోంది.

"నాకు నేర్పండి వదినా," అంది మరదలు చివరికి. "ఆయన చేస్తారో లేదో నాకొద్దు. నేను చూసుకుంటాను."

"ఊరికే నేర్పను. తిడతాను."

"తిట్టండి."

నిజంగానే తిట్టింది. రెండు రోజులూ తిడుతూనే నేర్పింది. ఒకరు బండెక్కి బ్రేకు తొక్కి పట్టుకోవడం, ఒకరు కింద మర వదిలి, బుడగలు పోయేదాకా నూనె వదలడం, కాలు తీయకముందే మర బిగించడం. మరదలు తొందరపడి ముందే కాలు తీసేస్తే గాలి లోపలికి పోయి మళ్లీ మొదటికొచ్చింది. "కాలు నీదా, అద్దెకు తెచ్చావా?" అని అరిచింది టార్చక్క. గ్యాసు గొట్టం కొత్తది బిగించి, అతుకుల మీద సబ్బునీళ్లు పూయించింది. బుడగ లేస్తే గ్యాసు కారుతున్నట్టు. లేవలేదు. కప్పు కిటికీ చుట్టూ పాత మైనం గీకి, మెత్తబడిన చెక్క కోసి, కొత్త ముక్క అతికించారు. టైర్ల అంచు మీద నాలుగంకెల ముద్ర ఎలా చదవాలో చూపించింది. ముందు రెండంకెలు తయారైన వారం, తర్వాతి రెండు ఏడాది. గాడులు లోతుగా, నిగనిగలాడుతూ ఉన్న ఆ టైర్లకు పదకొండేళ్లు. నాలుగూ మార్చాల్సిందే అంది.

శనివారం ప్రయాణం ఆగిపోయింది. మేనకోడలు మూతి ముడుచుకుని గదిలోంచి రాలేదు. చిన్నోడు హాల్లో సోఫాలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. టార్చక్క చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం వాడి ముందు పెట్టింది.

"ప్రతి టిక్కు పక్కనా చెయ్యలేదు అని నీ చేత్తో రాయి."

"నేనేమన్నా బడిపిల్లాడినా?"

"బడిపిల్లాడైతే చెవి మెలేసి వదిలేసేదాన్ని. నువ్వు మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే డ్రైవరువి. రాయి. రాసేదాకా తాళం నా దగ్గరే ఉంటుంది."

"ఉంచుకో."

ఆమె ఉంచుకుంది. తాళం సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. వారం గడిచింది. అక్కాతమ్ముళ్ల మధ్య ఫోను లేదు. ఎనిమిదో రోజు సాయంత్రం చిన్నోడు ఆమె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో పుస్తకం. కూర్చోమని అనకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెన్ను తీసి మొదటి గడి దగ్గర మొదలుపెట్టాడు. చెయ్యలేదు. చెయ్యలేదు. కోపంతో రాస్తున్నాడు కాబట్టి రెండు చోట్ల కాగితం చిరిగింది. ఆమె ఎదురుగా నిలబడి చూస్తోంది. ముప్ఫయ్యోదో ఎన్నోదో గడి దగ్గర పెన్ను ఆపాడు.

"ఇది చేశాను."

"ఏది?"

"బ్యాటరీ కొనలకు తుప్పు గీకి గ్రీజు రాయడం. నిజంగా చేశానక్కా. ఒకసారి చేశాను. కావాలంటే వెళ్లి చూద్దాం."

ఆమెకు గుర్తొచ్చింది. బ్యాటరీ కొనలు శుభ్రంగానే ఉన్నాయి. అప్పుడు కోపంలో పట్టించుకోలేదు.

"అది ఉంచెయ్యి," అంది. చిన్నోడు మిగిలిన పది కూడా రాసి పుస్తకం మూశాడు. ముఖం ఎత్తలేదు. "తను చెప్పింది, ఆ బస్సు సంగతి," అన్నాడు. "ముందే ఎందుకు చెప్పలేదక్కా?"

ఆమె లోపలికి వెళ్లింది. తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది.

వాళ్లు కొత్త టైర్లు వేయించుకుని తర్వాతి వారం బయలుదేరారు. రెండోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"ముందు టైర్లకు నువ్వు రాసిన గాలి చల్లగా ఉన్నప్పటిదా, నడిచాక చూసేదా?" పలకరింపు లేకుండా అడిగాడు చిన్నోడు.

సరైన ప్రశ్న. ఇన్నేళ్లలో వాడు అడిగిన మొదటి సరైన ప్రశ్న. "చల్లగా ఉన్నప్పుడు. మూడు గంటలు ఆపి చూడు," అని ఆమె పెట్టేసింది. ఇంకొక్క మాట మాట్లాడినా మెత్తబడిపోతానని భయం వేసింది. ఆమెకు ఇంకా మెత్తబడాలని లేదు.

ఆ ఫోను పక్కన పెట్టి కాగితం తీసుకుంది. రవాణా ఆఫీసుకు ఉత్తరం రాసింది. బస్సు నంబరు, తేదీ, తన కాగితం, దాని మీద పడిన టిక్కు, అది పెట్టిన మనిషి పేరు. తాను ఎందుకు చెప్పలేదో కూడా ఒక వాక్యంలో రాసింది. పోస్టులో వేయకముందు దాన్ని ఆ బస్సు డ్రైవరు ఇంటికి పట్టుకెళ్లింది.

సందు చివర రెండు గదుల ఇల్లు. డ్రైవరు కర్రసాయంతో వచ్చి తలుపు తీశాడు. లోపలికి రమ్మనకుండా, గుమ్మంలోనే నిలబడి ఉత్తరం చదివాడు. రెండోసారి మొదటినుంచి చదివాడు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"తొమ్మిదేళ్లు మా వీధిలో నన్ను దుడుకు డ్రైవరన్నారు. మాస్టారి కొడుకు నా ముఖం మీద ఉమ్మేశాడు. నీకు తెలుసు."

ఆమె తల ఊపింది. అతని కళ్లలో ఉన్నది ఏమిటో ఆమెకు బాగా తెలుసు. ఆ బుధవారం షెడ్డులో స్టూలు మీద కూర్చున్నప్పుడు తన ఒంట్లో పాకింది అదే.

డ్రైవరు తలుపు వేసేసుకున్నాడు. ఆమె ఎండలో నిలబడే ఉంది. ఎంతసేపో లెక్క తెలియదు. తలుపు మళ్లీ తెరుచుకునేసరికి అతను చొక్కా మార్చుకుని ఉన్నాడు. చేతిలో ఉత్తరం మడతపెట్టి ఉంది.

"పోస్టులో వద్దు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "ఆఫీసుకు వెళ్లి చేత్తో ఇద్దాం. నువ్వు నా ఎదురుగా చెప్పాలి."

ఇద్దరూ సందులోంచి రోడ్డు మీదికి నడిచారు. అతను కర్రతో ముందు, ఆమె మోకాలు ఈడుస్తూ వెనక. బస్సు వచ్చేదాకా అతను ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.